షెర్మన్ ట్యాంకు రివ్యూ: లోపలి ఇంజిన్ ఒరిజినలేనా?

రెండో ప్రపంచ యుద్ధం నాటి ట్యాంకుల్లో నేటికీ నడిచే స్థితిలో ఎక్కువగా దొరికేవాటిలో అమెరికా ఎం4 షెర్మన్ ఒకటి. 1942-45 మధ్య 49 వేలకు పైగా తయారయ్యాయి. యుద్ధం ముగిశాక ఫ్రాన్స్, ఇజ్రాయెల్, భారత్, పాకిస్తాన్, చిలీ సైన్యాల దగ్గరికి చేరి, ఎక్కడికక్కడ వర్క్‌షాపుల్లో మార్పులు పొందాయి. అందుకే అమ్మకం ప్రకటనలో "ఒరిజినల్ ఇంజిన్, రన్నింగ్ కండిషన్" అని కనబడితే ఆ రెండు మాటలనూ విడదీసి చూడాలి. నడిచేవాటిలో ఒరిజినల్ కానివి బోలెడు. ఒరిజినల్ ఇంజిన్ ఉన్నవాటిలో నడవనివీ ఉన్నాయి.

దీనికి మంచి ఉదాహరణ షెర్మన్ కాదు, దాని శత్రువైన జర్మన్ టైగర్ ట్యాంకు. ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో ఉన్న టైగర్ 131ని 1943లో ట్యునీసియాలో పట్టుకున్నారు. అది పుట్టినప్పటి ఇంజిన్ 21 లీటర్ల మేబాక్ హెచ్‌ఎల్210. 2003లో బాగుచేసి నడిపించింది మాత్రం మ్యూజియంలోనే ఉన్న మరో జర్మన్ ట్యాంకు కింగ్ టైగర్ నుంచి తీసిన హెచ్‌ఎల్230తో. ప్రపంచంలోనే పేరున్న ట్యాంకు పరిస్థితి ఇదైతే, ఎవరి షెడ్డులోనో ఉన్న షెర్మన్ సంగతి చెప్పక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు బండితో సరిపోల్చుకోవడం మనకు అలవాటు. ట్యాంకు దగ్గర ఆ లెక్క పనిచేయదు. ఇంజిన్ పాడైతే అక్కడే విప్పి బాగుచేసుకుంటూ కూర్చునే తీరిక సైన్యానికి ఉండేది కాదు. మొత్తంగా లేపేసి, డిపోలో ఓవర్‌హాల్ అయిన ఇంకోటి దించేవారు. తీసినది బాగుపడి మరో ట్యాంకులోకి వెళ్ళేది. కాబట్టి 1943లో ఫ్యాక్టరీలో బిగించిన అదే ఇంజిన్ ఇంకా అదే ట్యాంకులో ఉందని ఎవరైనా అంటే, కాగితం చూపించేదాకా నమ్మనక్కర్లేదు. అడగాల్సిన ప్రశ్న వేరు: ఈ మోడల్‌కు ఏ రకం ఇంజిన్ రావాలో ఆ రకమే ఉందా, అది ఆ కాలం నాటిదేనా, చుట్టూ ఉన్న సామాను దానికి చెందినదేనా? ఈ మూడింటికీ అవును అని తేలితే ఒరిజినల్ అనుకోవచ్చు.

ముందు ఇది ఏ షెర్మనో తేలాలి. సీరియల్ నంబరు సాధారణంగా వెనక పక్క, లాగుడు కొక్కేలు తగిలించే దళసరి చెవుల మీద గుద్ది ఉంటుంది. దాని మీద పొరలు పొరలుగా రంగు పేరుకుపోయి ఉంటుంది కాబట్టి గ్రైండర్ పెట్టి గోకేయకండి, అంకెలే పోతాయి. పెయింట్ రిమూవర్‌తో మెత్తబరిచి, పలచటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలతాయి. ఆ నంబరు లోపల బిగించిన వివరాల రేకు (డేటా ప్లేట్) మీది నంబరుతో కలవాలి. కలవకపోతే చెవి మీదిదే నమ్మాలి. చెవి బాడీతో పాటే ఉంటుంది, ప్లేట్లు మాత్రం కొత్తవి చేసి అమ్ముతున్నారు.

ఈ నకలు ప్లేట్ల నాణ్యత ఈ మధ్య ఎంత బాగుందంటే, ఫొటోలో చూస్తే తేడా దొరకదు. చేతికందే దూరంలో మాత్రం దొరుకుతుంది. పాతదానిలో అంకెలను ఒక్కొక్కటిగా సుత్తితో గుద్దారు. 3 కాస్త లోతుగా, 7 కాస్త పక్కకు, చివరి అంకె గీత దాటి ఉంటుంది. నకలులో అన్నీ ఒకే లోతున వరసగా కూర్చుంటాయి. ప్లేట్‌ను పట్టుకున్న మేకు స్క్రూలు చూడండి. పాతవాటి తలల మీద కూడా రంగు పొరలు ఎక్కి ఉంటాయి. మధ్యలో బెజ్జం ఉన్న పాప్ రివెట్ కనిపిస్తే ఆ ప్లేట్ నిన్నమొన్న వచ్చిందే. ప్లేట్ అంచు చుట్టూ ఉన్న రంగు గీత ఇంకాస్త పెద్ద సైజు ప్లేట్‌కు సరిపోయేలా ఉంటే, పాతదాన్ని పీకి దీన్ని పెట్టారన్నమాట.

ఇక ఇంజిన్లు. ప్రధానంగా నాలుగు రకాలు.

షెర్మన్ మోడళ్ళలో ఎం4, ఎం4ఏ1లకు వచ్చేది కాంటినెంటల్ ఆర్975. రైట్ వర్ల్‌విండ్ విమాన ఇంజిన్ వంశానికి చెందినది. తొమ్మిది సిలిండర్లు గుండ్రంగా అమరి ఉంటాయి, గాలితో చల్లబడుతుంది, 15.9 లీటర్లు. సీ1 రకం 350 హార్స్ పవర్, తర్వాత వచ్చిన సీ4 రకం 400. 1943 నాటి ఎం4ఏ1లో సీ4 కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అది ఓవర్‌హాల్‌లో మారి ఉంటుంది. అయితే "ఫ్యాక్టరీ ఇంజిన్" అన్న మాటకు అక్కడితో తెర పడుతుంది. బయటి నుంచి గుర్తు పట్టడం తేలిక: టరెట్ (ఫిరంగితో తిరిగే పై భాగం) వెనక డెక్కు, అంటే ఇంజిన్ పైకప్పు మీద పెద్ద జాలీలు ఉండవు, వెనక రెండు ఎయిర్ క్లీనర్లు బయటికి వేలాడుతుంటాయి. లోపల చూడాల్సింది ఇగ్నిషన్ వైరింగ్. ఒక్కో సిలిండర్‌కు రెండు చొప్పున 18 ప్లగ్గులు, వాటికి నిప్పురవ్వకు కరెంటు ఇచ్చే మాగ్నెటోలు రెండు. రేడియోలో గరగర రాకుండా ప్లగ్గు వైర్లన్నీ లోహపు అల్లిక తొడుగుల్లో నడుస్తాయి. ఆ తొడుగులు తీసేసి మామూలు కారు ప్లగ్గు వైర్లు వేసిన ఇంజిన్లు చాలా ఉన్నాయి. నడవడానికి అడ్డం లేదు గానీ మార్కులు తగ్గుతాయి, పైగా మళ్ళీ ఆ తొడుగులు వెతకడం ఖర్చుతో కూడిన పని.

ఈ ఇంజిన్‌ను చంపేది తొందరపాటు. నిలిపి ఉంచినప్పుడు ఆయిల్ కిందికి జారి అడుగున ఉండే 4, 5, 6, 7 సిలిండర్లలో చేరుతుంది. ఆయిల్ నొక్కితే నలగదు. నేరుగా స్టార్టర్ కొడితే పిస్టన్ ఆగిపోయి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఒక్కోసారి ఆ పూటకు ఏమీ కాదు, వంగిన రాడ్డుతోనే కొన్ని గంటలు నడిచి తర్వాత విరుగుతుంది. అందుకే చూడ్డానికి వెళ్ళినప్పుడు ముందే వేడెక్కించి పెట్టిన ఇంజిన్‌ను ఒప్పుకోకండి. చల్లగా ఉన్నప్పుడు, ఇగ్నిషన్ ఆపి, వెనక తలుపులు తీసి చేతి హ్యాండిల్‌తో తిప్పించండి. ఎక్కడైనా గట్టిగా పట్టేస్తే బలవంతం చేయకుండా కింది సిలిండర్ల ప్లగ్గులు ఊడదీసి ఆయిల్ కారనివ్వాలి. తర్వాత తొమ్మిదింటికీ కంప్రెషన్ కొలవాలి. ఎనిమిది దగ్గరదగ్గరగా ఉండి అడుగున ఉన్న ఒక్కటి తక్కువ చూపిస్తే, వాల్వు కూర్చోలేదని అమ్మేవాళ్ళు అంటారు. రాడ్డు వంగి పొట్టిదైనా అదే లక్షణం. సిలిండర్ తీసి చూడకుండా ధర మాట్లాడకూడదు.

ఎం4ఏ2లో ఉండేది జనరల్ మోటార్స్ 6046. రెండు 6-71 డీజిల్ ఇంజిన్లను పక్కపక్కన పెట్టి ఒకే షాఫ్టుకు కలిపారు. రెండూ కలిసి 375 హార్స్ పవర్. వేటి క్లచ్ వాటిదే కాబట్టి ఒకటి ఆగిపోయినా రెండోదానితో ఇంటికి చేరవచ్చు. వాడుకకు ఇంతకంటే మొండిది లేదు. ఒరిజినాలిటీ విషయంలో మాత్రం నాలుగింటిలోకీ అనుమానించాల్సినది ఇదే. 6-71 యుద్ధంతో ఆగిపోలేదు. దశాబ్దాల పాటు లారీలకు, బస్సులకు, పడవలకు, జనరేటర్లకు తయారవుతూనే వచ్చింది. బయటి కొలతలు దాదాపు అవే. పడవలోంచి తీసిన ఇంజిన్‌కు ఆకుపచ్చ రంగు కొట్టి ట్యాంకులో దించితే పైనుంచి చూసేవాళ్ళకు తెలియదు.

తెలుసుకునే దారి ఒకటుంది. పైన వాల్వులను కప్పే రాకర్ కవర్ విప్పించండి. యుద్ధకాలపు హెడ్‌లో సిలిండర్‌కు రెండు ఎగ్జాస్ట్ వాల్వులే ఉంటాయి. నాలుగు వాల్వులుండి, రెండేసి వాల్వులను కలిపి నొక్కే చిన్న బ్రిడ్జి ముక్కలు కనిపిస్తే ఆ హెడ్ యుద్ధం తర్వాతిది. రెండు ఇంజిన్లకూ విడివిడిగా చూడాలి, ఒకటి పాతది, ఒకటి కొత్తది పెట్టిన జతలు మామూలే. తర్వాత ఇది రెండు స్ట్రోకుల డీజిల్ అని గుర్తుంచుకోవాలి. సీళ్ళు పోయి సొంత ఆయిలే గాలిలో కలిసి లోపలికి వెళ్తే, డీజిల్ ఆపినా ఇంజిన్ ఆగదు, వేగం పెరుగుతూ పోయి పగిలేదాకా తిరుగుతుంది. గాలిని మూసేసే ఎమర్జెన్సీ తలుపు రెండింటికీ పనిచేస్తోందో లేదో స్టార్ట్ చేయకముందే చేత్తో కదిపి చూడాలి. రెండు ఇంజిన్ల యాక్సిలరేటర్ లింకులు ఒకేలా సెట్ కాకపోతే బరువంతా ఒకదాని మీదే పడి దాని క్లచ్ ముందు అరుగుతుంది.

ఎం4ఏ3లో ఫోర్డ్ జీఏఏ. అల్యూమినియం బ్లాకు, 60 డిగ్రీల వీ8, 18 లీటర్లు, సిలిండర్‌కు నాలుగు వాల్వులు, 2600 ఆర్‌పీఎం దగ్గర 500 హార్స్ పవర్. విమానం కోసం అనుకున్న వీ12ను కుదించి చేశారు. నడిపేవాళ్ళందరూ ఓటేసేది దీనికే, అమెరికా సైన్యం కూడా తనకోసం దీన్నే ఇష్టపడింది. డెక్కు మీద పెద్ద జాలీ తలుపులు రెండు, వెనక పొగను కిందికి మళ్ళించే రేకు ఉంటే ఎం4ఏ3 అనుకోవచ్చు. మిగులు ఇంజిన్లలో చాలావాటిని ట్రాక్టర్ పుల్లింగ్ (ట్రాక్టర్లతో బరువులు లాగించే) పోటీలవాళ్ళు కొనుక్కుని పిండేశారు. ఆ పోటీల నుంచి తిరిగొచ్చిన బ్లాకులు ట్యాంకుల్లోకి మళ్ళీ చేరుతుంటాయి కాబట్టి వెల్డింగు మచ్చలు, కార్బురేటర్ల చోట చేసిన మార్పులు జాగ్రత్తగా చూడాలి. ఎం26 పెర్షింగ్ ట్యాంకుకు వచ్చిన జీఏఎఫ్ దీని చెల్లెలే. దాన్ని జీఏఏ అని అమ్మేవాళ్ళున్నారు, ప్లేట్ మీది మూడో అక్షరం చదివితే చాలు. స్ట్రామ్‌బర్గ్ కార్బురేటర్లు రెండూ, మాగ్నెటోలు రెండూ ఉండాలి. మాగ్నెటో తీసేసి కారు డిస్ట్రిబ్యూటర్ తగిలించి ఉంటే ఆ ఖర్చు ధరలోంచి తీసేయాలి. అల్యూమినియం కనుక, మామూలు నీళ్ళు పోసి ఏళ్ళ తరబడి వదిలేస్తే లోపలి నీటి దారులు తినేస్తుంది. రేడియేటర్ మూత తీసి అడుగున తెల్లటి పొడి పేరుకుందేమో చూడండి.

ఎం4ఏ4లో ఉన్నదాన్ని చూసి నవ్వని మెకానిక్ లేడు. క్రైస్లర్ ఏ57: ఐదు ఆరు-సిలిండర్ల కారు ఇంజిన్లను గుండ్రంగా పేర్చి ఒకే గేరుకు కలిపారు. మొత్తం 30 సిలిండర్లు, ఐదు కార్బురేటర్లు, ఐదు డిస్ట్రిబ్యూటర్లు, 20.5 లీటర్లు. ఇది పట్టడానికి బాడీని 11 అంగుళాలు సాగదీశారు. అందుకే మిగతా షెర్మన్లకు చక్రాల చుట్టూ తిరిగే ట్రాక్ పట్టీలో ఒక్కో పక్క 79 ముక్కలుంటే దీనికి 83. బోగీల (చక్రాల జతల) మధ్య ఖాళీ ఎక్కువగా కనిపిస్తుంది, టరెట్ వెనక డెక్కు ఉబ్బి ఉంటుంది. మొత్తం 7,499 తయారయ్యాయి. ఎక్కువభాగం బ్రిటిష్‌వాళ్ళకు వెళ్ళి షెర్మన్ 5 అనిపించుకున్నాయి. మనవాళ్ళకు ఇక్కడ నిజమైన సంబంధం ఉంది: 1945లో బర్మాలోని మెయిక్‌టిలా పోరులో 255వ ఇండియన్ ట్యాంక్ బ్రిగేడ్ నడిపినవి షెర్మన్లే. ఆ బ్రిగేడ్‌లోని డెక్కన్ హార్స్, నిజాం కొలువులో పుట్టిన దళం. 1965 పాకిస్తాన్ యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర కూడా అదే దళం షెర్మన్లతోనే నిలబడింది.

ఏ57 విషయంలో నకలు భయం దాదాపు లేదు. ఇంత తలనొప్పిని మోసం కోసం కూడా ఎవరూ బిగించరు. అది లోపల ఉందంటే అసలుదే. చూడాల్సిందల్లా ఐదు బ్యాంకులూ (ఆరేసి సిలిండర్ల ఇంజిన్లు) పనిచేస్తున్నాయా అని. ఒకటి చచ్చిపోయినా మిగతా నాలుగూ లాగేస్తాయి, డ్రైవర్‌కు తెలియకపోవచ్చు కూడా. వేడెక్కాక ఐదింటి ఎగ్జాస్ట్ గొట్టాల మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే చల్లగా ఉన్నది దొరికిపోతుంది. కార్బురేటర్లు ఏ బ్యాంకు దగ్గర ఆ బ్యాంకుకే ఉంటే తొలినాటి రకం. ఐదూ పైకి చేరి వరసగా ఉంటే తర్వాతి రకం. రెండూ కలగలిసి ఉంటే రెండు ఇంజిన్లు కలిపి ఒకటి చేశారన్నమాట. విడి భాగాలకు ఇబ్బంది ఊహించినంత లేదు, క్రైస్లర్ సైడ్ వాల్వు ఆరు సిలిండర్ల సామానులో కొంత సరిపోతుంది.

83 ముక్కల పొడవాటి బాడీలో గుండ్రటి ఆర్975 కనిపిస్తే? మోసం అని తేల్చేయకండి. యుద్ధం తర్వాత ఫ్రాన్స్ తన ఎం4ఏ4లలో ఏ57 తీసేసి కాంటినెంటల్ సీ4 పెట్టింది, వాటికి ఎం4ఏ4టీ అని పేరు. అలాగే కమిన్స్ వీటీ8-460 డీజిల్ ఉంటే ఇజ్రాయెల్ మార్చుకున్న షెర్మన్ ఎం-50 లేదా ఎం-51 కావచ్చు. అలాంటివి ఆ దేశపు సైనిక మార్పుతో సహా ఒరిజినలే. బాడీ మీద ఆ సైన్యపు మిగతా గుర్తులు కూడా ఉంటేనే ఈ మాట వర్తిస్తుంది. అమెరికా నక్షత్రం వేసి 1944 నార్మండీ అని చెప్పే బండిలో కమిన్స్ ఉంటే మాత్రం అది వేషమే.

సోవియట్ టీ-34 విషయంలోనూ ఇదే జాగ్రత్త. యుద్ధకాలపు ఇంజిన్ 38.8 లీటర్ల వీ-2-34, 500 హార్స్ పవర్. తర్వాతి రోజుల్లో టీ-54, టీ-55ల ఇంజిన్లు దించినవి చాలా ఉన్నాయి. చక్రం ముఖం మీద నక్షత్రచేపలా కాళ్ళు చాచిన నమూనా ఉంటే ఆ చక్రాలు టీ-54 తరానివి. ట్యాంకు కూడా యుద్ధం తర్వాత చెకోస్లొవేకియాలోనో పోలండ్‌లోనో తయారైన టీ-34-85 అయ్యే అవకాశం ఎక్కువ.

మళ్ళీ షెర్మన్ విడిభాగాలకు వద్దాం. అమెరికన్ ఆర్డ్‌నెన్స్ (సైనిక సామగ్రి విభాగం) పార్టు నంబర్లు ముందు ఒక ఇంగ్లీషు అక్షరం, తర్వాత అంకెలుగా ఉంటాయి. పోత పోసిన భాగాల మీద ఇవి ఉబ్బెత్తుగా, పక్కనే ఫౌండ్రీ గుర్తుతో కనిపిస్తాయి. ముందున్న గేర్‌బాక్సు కవచమే తీసుకోండి. తొలి బండ్లకు మూడు ముక్కలు బోల్టులతో కలిపింది, తర్వాత ఒకే పోతగా ఈ4186, చివర్లో ముక్కు కోసుగా ఉన్న ఈ8543. తొలి బాడీకి చివరి కవచం ఉండడం తప్పు కాదు, డిపోలో మార్చారనడానికి అదే సాక్ష్యం. అనుమానించాల్సింది అంకెలనే. వెల్డింగు రాడ్డుతో గీసి ఉబ్బెత్తు అక్షరాలు చేసిన ముక్కలు అమ్మకానికి వస్తున్నాయి. గోరుతో తడిమితే పోత అక్షరం అంచు నిటారుగా, ఒంటి మీది ఇసుక గరుకుతనంతోనే ఉంటుంది. వెల్డింగు అక్షరం గుండ్రంగా, అలలు అలలుగా, చుట్టూ నునుపుగా తగులుతుంది.

బోల్టుల దగ్గర స్పానర్ పెట్టి చూడండి. అమెరికా బోల్టులు అంగుళాల కొలతవి కాబట్టి, అంగుళాల స్పానర్ కాక మెట్రిక్ స్పానర్ మాత్రమే సరిగ్గా కూర్చుంటే ఆ చోట యూరప్‌లోనో ఇజ్రాయెల్‌లోనో చెయ్యి పడి ఉండవచ్చు.

ట్రాక్‌ల మీద అమ్మేవాళ్ళు ఎక్కువ అబద్ధాలాడతారు, ఎందుకంటే కొనేవాళ్ళు వాటిని ఎక్కువ చూస్తారు. మామూలు సస్పెన్షన్‌కు రబ్బరు టీ48, ఉక్కు టీ54ఈ1 ఎక్కువగా దొరుకుతాయి. ఈ రెండింటికీ గుడిసె పైకప్పు ఆకారపు (వీ ఆకారపు) మెట్లుంటాయి. "పెట్టెలోంచి తీయని 1944 స్టాకు" అని రబ్బరు ముక్కలకు ఎక్కువ ధర చెబితే ఒప్పుకోకండి. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. బొటనవేలి గోరు దిగకపోతే, మెట్ల మూలల్లో సన్నటి పగుళ్ళుంటే, తారు రోడ్డు మీద కొద్ది దూరంలోనే ముక్కలు ఊడతాయి. పిన్నుల చుట్టూ ఉన్న రబ్బరు బుష్షులు చస్తే ట్రాక్ బతికున్న స్ప్రింగులా వంపు తిరగకుండా ఒట్టి గొలుసులా వేలాడుతుంది. కలిసి ఉన్న కొన్ని ముక్కలను విప్పి మెలితిప్పితే తిరిగి తమ వంపుకు రావాలి. రాకపోతే 158 ముక్కలకూ బుష్షుల ఖర్చు లెక్కేసుకోవాలి.

సరిచూసుకోవడానికి అమెరికా సైన్యపు సాంకేతిక మాన్యువళ్ళే ఆధారం: ఎం4, ఎం4ఏ1లకు టీఎం 9-731ఏ, ఎం4ఏ2కు 9-731బీ, ఎం4ఏ4కు 9-754, ఎం4ఏ3కి 9-759. మాన్యువల్ చూపకుండా "అన్నీ ఇలాగే ఉంటాయి" అనేవాళ్ళతో బేరం వద్దు.

కొనే ఉద్దేశం లేక చూడ్డానికే వెళ్ళేవాళ్ళకు, మన వైపు నుంచి అందుబాటులో ఉన్నది మహారాష్ట్ర అహ్మద్‌నగర్‌లో 1994లో మొదలైన కావల్రీ ట్యాంక్ మ్యూజియం. ఊరి పేరు ఇప్పుడు అహిల్యానగర్. ఆరుబయట నిలిపిన ట్యాంకుల్లో ఇంజిన్ తలుపులు తీసి చూపించరు కాబట్టి డెక్కు, ఎయిర్ క్లీనర్లు, ట్రాక్ ముక్కల లెక్క మీదే ఆధారపడాలి. పక్కన పెట్టిన బోర్డు కంటే ఆ మూడే ఎక్కువ చెబుతాయి.

కొనేవాళ్ళు చివరగా ఒకటి చూడాలి. బాడీ ఎడమ వైపు లోపల చిన్న హోమ్‌లైట్ జనరేటర్ ఉంటుంది, ఒకే సిలిండర్, రెండు స్ట్రోకులు. పెద్ద ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 24 వోల్టుల బ్యాటరీలు నింపడానికి పెట్టింది. ఎవరికీ అవసరం రాదని ముందుగా మాయమయ్యేది ఇదే. అది బ్రాకెట్లతో, పొగ గొట్టంతో, స్విచ్చు పెట్టెతో సహా తన చోటనే ఉంటే, ఆ బండిని విప్పి అమ్ముకున్న చేతులు తక్కువని అనుకోవచ్చు. లేకపోతే గోడకు బోల్టు బెజ్జాలు మిగిలి ఉంటాయి, వాటిని లెక్కపెట్టి జనరేటర్ ఖర్చును బేరంలో తగ్గించుకోండి.